నీటికుండకు మూత లేదు

నేను చెప్పబోయేది ఒక మహాయుద్ధం గురించి. ఇందులో కోట ఉంది, సైన్యం ఉంది, రహస్య పత్రాలున్నాయి, నా చేతిరాతకు ఒక సామ్రాజ్యం కూలిపోవడం ఉంది. ఇదంతా పెనుకొండ కొండ కిందే జరిగింది కాబట్టి ఏనుగులు కూడా ఉంటాయని మీరు ఆశపడవచ్చు.

ఏనుగులు లేవు. కోట ఉన్నమాట నిజమే గానీ దానికీ ఈ కథకూ సంబంధం లేదు, బడి వసారాలోంచి కనిపిస్తుంది, అంతే. సైన్యమంటే ఆరు, ఏడు తరగతుల పిల్లలు. రహస్య పత్రమంటే పదిహేను ప్రశ్నల ఫారం. కూలిన సామ్రాజ్యం ఒక రేకుల వంటపాక. నేను ఆ ఫారం నింపే ఉద్యోగిని.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన మాట. డిగ్రీ అయిపోయి హిందూపురంలో ఖాళీగా ఉన్నాను. అన్నం పెట్టడానికి మా అమ్మకు కష్టం లేదు, నేను తినేటప్పుడు మా నాయన చూసే చూపుతోనే కష్టం. ఆ సమయంలో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు బడులు తిరిగే కుర్రవాళ్ళు కావాలన్నారు. కొన్ని ప్రభుత్వ బడుల్లో వాళ్ళు నడవడి కార్యక్రమం ఒకటి నడుపుతున్నారు. కొట్లాడే పిల్లల్ని బెత్తంతో కాక మాటతో దారికి తేవాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. నేను ఇప్పటికీ దాన్ని ఏమీ అనను.

పద్ధతి ఇది. బడికొక అయ్యవారికి శిక్షణ ఇస్తారు. తరచూ కొట్లాటకు దిగే పిల్లవాడో పిల్లో రోజూ మొదటి గంట కొట్టకముందే ఆయన్ని కలవాలి. ఆయన ఐదు నిమిషాలు మాట్లాడి ఒక కార్డు చేతికిస్తారు. పీరియడు పీరియడుకూ అందులో మార్కు పడుతుంది. సాయంత్రం చూసి, బాగుంటే ఒక పెన్సిలో రబ్బరో ఇస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళు కార్డు మీద సంతకం పెట్టి పంపుతారు. ఇదంతా రాసింది రాసినట్లు జరుగుతున్నదా లేదా చూసి, ‘అవును’, ‘కాదు’ అన్న గడుల్లో టిక్కు పెట్టడం నా పని. పిల్లలు బాగుపడుతున్నారా అన్నది వేరే వాళ్ళ పని. ఆ వేరే వాళ్ళు ఎవరో నేను ఉద్యోగం మానేసేదాకా తెలియలేదు.

అయ్యవార్లకూ మాకూ కలిపి ధర్మవరంలో రెండు రోజులు శిక్షణ జరిగింది. తలకొక సంచి, ఒక పెన్ను, మధ్యాహ్నం చిత్రాన్నం. చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి మమ్మల్ని లేచి నిలబడమని, “మీరు తీర్పు చెప్పేవాళ్ళు కాదు. అద్దాలు. ఉన్నది ఉన్నట్టు చూపించండి” అన్నాడు. మేము చప్పట్లు కొట్టాం. అద్దంలో కుడిచేయి ఎడమచేయిగా కనిపిస్తుందన్న సంగతి ఆ హడావిడిలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఉద్యోగంలో చేరాక నాకు తెలిసిన మొదటి విషయం, నేను వచ్చే రోజు ప్రతి బడికీ ముందే తెలుస్తుందని. నేను పదింటి బస్సు దిగి నడిచి వచ్చేలోపు బెత్తం బీరువా పైకి ఎక్కేది, కార్డులు బీరువాలోంచి కిందికి దిగేవి. రెండూ దారిలో ఎదురుపడి పలకరించుకునేవేమో. నేను బీరువా పైకి చూసేవాణ్ణి కాదు. ఫారంలో బీరువా గడి లేదు.

పెనుకొండ దగ్గర పల్లెలో ఉన్న ఆ బడికి మాత్రం మొదటిసారి చెప్పకుండా వెళ్ళాను. గొప్ప నిఘా ఏమీ కాదు. ఆ రోజు బస్సులు సరిగా లేవని తెల్లవారుజాము రైలెక్కాను, ఎనిమిది కాకముందే బడి ముందు నిలబడ్డాను. అయ్యవార్లు ఎవరూ లేరు. గేటుకు తాళం ఉంది గానీ గేటు పక్కన గోడ లేదు. లోపలికి నడిచాను.

బడి వెనక రేకుల పాకలో పొయ్యి రాజుకుంటున్నది. యాభై ఏళ్ళ మనిషి, మధ్యాహ్న భోజనం వండే ఆమె, చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది. ఆమె ఎదురుగా పదకొండేళ్ళ పిల్ల మరో చేటతో. రెండు జడలు, ఒకదానికే రిబ్బను. ఇద్దరూ రాళ్ళు ఏరుతున్నారు.

“ఈపొద్దు ఎవరిని కొట్టల్లని ఉండాదే?” అంటోంది వంటామె, వంకాయలు ఎంత అన్నట్టు.

“ఎవరినీ లేదత్తా.”

“అట్ల చెప్తే నేను నమ్మను. పేరు చెప్పు.”

పిల్ల కాసేపు ఆలోచించి ఒక పేరు చెప్పింది. ముందు బెంచీలో కూర్చునే పిల్లవాడిది.

“ఏం చేసె వాడు?”

“మీ అమ్మ నిన్ను ఇడిసిపెట్టి బెంగుళూరు పోయిందంట గదా అనె.”

“పోయింది నిజమే గదా. కూలికి పోయింది. అబద్ధం చెప్పినోణ్ణి కొట్టు, నిజం చెప్పినోణ్ణి కొడితే యాడాగుతాది? ఊర్లో సగం మందిని కొట్టల్ల నువ్వు.”

పిల్ల నవ్వింది. రాయి ఒకటి ఏరి అవతలికి విసిరింది. ఆ విసురు చూస్తే ముందు బెంచీ పిల్లవాడి సంగతి నాకు అర్థమైంది.

నేను దగ్గాను. వంటామె తల తిప్పి, “ఏమప్పా, ఎవరు కావల్ల?” అంది. కార్యక్రమం పేరు చెప్పాను. ఆమెకు ఆ పేరు తెలియదు. “కొట్లాడే పిల్లోళ్ళను చూసేదానికి” అన్నాను. “ఇదో, ఉండాది చూడు” అని చేటతో చూపించింది. పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసి, కొట్టదగినవాణ్ణా కాదా అని అంచనా వేసుకుని, వదిలేసింది.

విషయం ఇది. శిక్షణ పొందిన లెక్కల అయ్యవారు ధర్మవరం నుంచి ప్యాసింజరులో వస్తారు. ఆ రోజుల్లో ఒకటే లైను. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వస్తుందంటే ప్యాసింజరు ఏదో ఒక స్టేషన్లో పక్కకు తప్పుకుని నిలబడాలి, పెద్దవాళ్ళకు దారి ఇచ్చే కోడలిలాగ. కాబట్టి ఆయన రెండో పీరియడుకు వచ్చేవారు. మొదటి గంటకు ముందు పిల్లతో మాట్లాడాల్సిన ఐదు నిమిషాలు రోజూ రైల్లోనే గడిచిపోయేవి. ఆ పిల్లేమో పొద్దున్నే వచ్చేసేది. అవ్వ దగ్గర ఉంటుంది, అవ్వ ఏడింటికే కూలికి పోతుంది. బడిలో ఆ వేళకు మనిషన్నది ఈ వంటామె ఒక్కతే. అలా మొదలైంది.

“ముందు నా బియ్యం కుండను కాలితో తన్నె” అని చెప్పింది వంటామె. “సరే, చిందిన బియ్యం నువ్వే ఏరు అంటి. ఏరె. మరుసటి దినం తన్నకుండానే ఏరేదానికి వచ్చె.”

పాక గూట్లో పాత పాలపొడి డబ్బా ఉంది. అందులో చింతగింజలు. కొట్లాట లేకుండా ఒక పీరియడు గడిస్తే పిల్ల పాక దగ్గరికి వచ్చి ఒక గింజ వేయాలి. సాయంత్రానికి ఐదు పడితే అన్నం గుండిగ అడుగున అంటుకున్న మాడు దానికి. మాడు మీద ఇంత ఎర్రకారం, నూనె చుక్క. తరగతిలో ఏం జరిగిందో నీకెలా తెలుస్తుంది అని అడిగాను.

“అదే చెప్తాది.”

“అబద్ధం చెప్తే?”

“నీ ఫారమోళ్ళు చెప్పరా అబద్ధం?” అంది. అప్పటికి ఆమె నా ఫారం చూసి అరగంట కూడా కాలేదు.

మేము మాట్లాడుతుండగానే పిల్ల లేచి, డబ్బా మూత తీసి, ఒక గింజ బయటికి తీసి పొయ్యిలో వేసింది.

“ఏందే అది?”

“నిన్న మూడో పీరియడులో గిల్లినా అత్తా. చూసుకోలేదు ఎవరూ.”

వంటామె “ఊ” అంది, చేట చెరిగింది. నేను జీవితంలో చాలా తనిఖీలు చూశాను. ఆ గింజ పొయ్యిలో పడినంత సరిగ్గా ఏ లెక్కా సరిచూడబడటం చూడలేదు. అప్పుడే ఇంటికి వెళ్ళిపోయి ఉంటే నేను మంచివాడిగా మిగిలేవాణ్ణి.

తొమ్మిదిన్నరకు హెడ్మాస్టరు వచ్చారు. అలసిన మనిషి, నన్ను చూసి ఇంకా అలసిపోయారు. ఆ పిల్ల గురించి అడిగితే, “రెండు కంప్లైంట్లు ఉండాయి సార్. ఒక పిల్లోడికి పన్ను ఊడె. ఇంకొక్కసారి జరిగితే పెద్దోళ్ళు నన్ను వదలరు. తీసకపొమ్మని చెప్పేస్తా. ఈ నెలన్నర నుంచి మాత్రం గమ్మునుండాది, ఎందుకో ఏమో” అన్నారు. ఎందుకో ఆయనకు నిజంగానే తెలియదు. వంటపాక ఆయన గది కిటికీకి అవతలివైపు.

నేను ఆయన గదిలో కూర్చుని ఫారం తీశాను.

నా గురించి ఒక మాట చెప్పాలి. నేను దేన్నీ ఊరికే వదిలే రకం కాదు. చావింట్లో కూడా ఎవరో ఒకరిని నవ్వించి తిట్లు తిన్నవాణ్ణి. ఆ పొద్దు మాత్రం, కొత్త ఉద్యోగం కదా, అద్దం కదా, వెన్ను నిటారుగా పెట్టుకుని నిజాయితీగా నింపాను. పుట్టి బుద్ధెరిగాక నేను పరిహాసం లేకుండా చేసిన పని అదొక్కటే.

పిల్లను శిక్షణ పొందిన అయ్యవారే కలుస్తున్నారా? కాదు. కేటాయించిన స్థలంలోనే కలుస్తున్నారా? కాదు. కార్డు ఉన్నదా? కాదు. మార్కులు వేస్తున్నారా? చింతగింజలకు గడి లేదు, కాదు. ఇంటివాళ్ళ సంతకం ఉన్నదా? కాదు. జాబితాలోని బహుమతే ఇస్తున్నారా? జాబితాలో మాడు లేదు. కాదు. పదకొండో ప్రశ్న: పిల్లలచేత వంట, శుభ్రం చేయడం వంటి పనులు చేయిస్తున్నారా? ఇది ఎర్ర అక్షరాల ప్రశ్న. ‘అవును’ అని టిక్కు పెడితే రెండు రోజుల్లో పైకి తెలపాలి. కళ్ళతో చూశాను, రాళ్ళు ఏరుతున్నది. అవును.

పదిహేనుకు ఐదు వచ్చాయి.

ఫారం చివర ‘ఇతర విషయాలు’ అని రెండు గీతలుంటాయి. నేను చూసిందంతా ఆ రెండు గీతల్లో పట్టించవచ్చు. పొయ్యిలో వేసిన గింజ గురించి ఒక వాక్యం చాలు. నేను పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించాను. వంటామె గురించి రాస్తే ఆమెకే ఇబ్బందేమో అనుకున్నాను, లేదా రైలు టైమయిందనుకున్నాను. రెండిట్లో ఏది ముందు అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. వసారాలో తాగునీటి కుండ కనిపించింది.

‘నీటికుండకు మూత లేదు’ అని రాశాను.

హిందూపురం ఆఫీసులో ఫారం ఇచ్చాను. మా మేడం పదకొండో ప్రశ్న చూసి, “నీ కన్ను మంచిదప్పా” అంది. ఆ సాయంత్రం నేను మా నాయన ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. బడికి ఉత్తరం వెళ్ళింది. మర్యాదగా రాసిన ఉత్తరమే, నేనే టైపు చేయించాను.

మళ్ళీ ఆ బడికి వెళ్ళింది దసరా సెలవులు అయిపోయిన నెలకు. ఈసారి చెప్పే వెళ్ళాను. లెక్కల అయ్యవారు నాకంటే ముందే వచ్చి ఉన్నారు. వసారాలో ఒక మూల చాపా, రెండు కుర్చీలూ, పైన ‘మాట్లాడుకునే చోటు’ అని అట్టమీద రంగు పెన్సిళ్ళ అక్షరాలు. కార్డులు వరుసగా. కార్డుల మీద సంతకాలు. నీటికుండకు కొత్త స్టీలు మూత, దాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా గొలుసు. నాకు గర్వం లాంటిదేదో కలిగింది. మూత చూసి గర్వపడిన మనిషిని నేను.

పదిహేనుకు పద్నాలుగు వచ్చేటట్టున్నాయి. చివరగా ఆ పిల్ల కార్డు చూశాను. పోయిన మూడు వారాలు, ప్రతి పీరియడుకూ ‘చాలా బాగుంది’. ఒకే సిరా, ఒకే చేయి. కింద ఇంటివాళ్ళ సంతకం. ఆ పిల్ల అవ్వకు వేలిముద్రే వచ్చునని వంటామె నాతో చెప్పి ఉంది.

“పాప ఏది సార్?” అని అడిగాను.

లెక్కల అయ్యవారు హెడ్మాస్టరును చూశారు. హెడ్మాస్టరు కొండను చూశారు.

“రావడం లేదప్పా” అన్నారు లెక్కల అయ్యవారు.

“ఎప్పట్నుంచి?”

“మూడు వారాలైతాది.”

జరిగింది చెప్పారు. ఉత్తరం అందిన రోజే పిల్లలెవరూ పాక వైపు పోకూడదన్నారు. పిల్ల పొద్దున్నే వచ్చి, పాక దగ్గరికి పోవడానికి లేక, తాళం వేసిన గది ముందు మెట్టు మీద కూర్చునేది. అయ్యవారు వచ్చాక రెండో పీరియడు మధ్యలో పిలిచి కార్డు ఇచ్చి, “ఈరోజు మంచిగా ఉంటావు కదా” అని అడిగేవారు. ఉంటానని తల ఊపేది. రెండో వారంలో ముందు బెంచీ పిల్లవాడు మళ్ళీ బెంగుళూరు మాట ఎత్తాడు. ఇనప కంపాసు పెట్టె పట్టుకుని కొట్టింది. నొసటి మీద మూడు కుట్లు పడ్డాయి. వాడి తండ్రి బడి మీదికి వచ్చాడు. అవ్వను పిలిపించి తీసుకుపొమ్మన్నారు.

“మరి ఈ కార్డు?”

“గమ్మునుండప్పా” అన్నారు లెక్కల అయ్యవారు, మెల్లగా. “హాజరు పట్టీలో పేరుండాది. కార్డు ఖాళీగా ఇడిస్తే నువ్వే గదా ‘కాదు’ అని పెడ్తావు?”

ఆయన చెప్పింది నిజం. ఐదో ప్రశ్న: కార్డు పూర్తిగా నింపబడినదా? పూర్తిగానే నింపబడింది. బడిలో ఉన్న పిల్లల్లో ఎవరికీ అంత మంచి నడవడి లేదు. మూడు వారాల్లో ఒక్క దెబ్బ కూడా కొట్టని పిల్ల అది ఒక్కతే.

టిక్కు పెట్టాను. పెట్టి, ‘ఇతర విషయాలు’ దగ్గర రాయడం మొదలుపెట్టాను. రెండు గీతలు నిండి, పక్క ఖాళీలో పైకి ఎక్కి, వెనక్కి తిప్పి రాశాను. చేట, రాళ్ళు, గింజ, పొయ్యి, అన్నీ. హిందూపురంలో మేడం ఓపికగా చదివింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది కూడా. “పాపం” అంది. “కానీ ఇవి కంప్యూటర్లో ఎక్కవప్పా. గడుల్లోవే ఎక్కుతాయి.”

ఆ ఏడాది చివర ధర్మవరంలో, మాకు శిక్షణ ఇచ్చిన హాల్లోనే, మీటింగు జరిగింది. ఐదు నుంచి పద్నాలుగుకు ఎదిగిన బడి అని ఆ బడికి మెమెంటో ఇచ్చారు. లెక్కల అయ్యవారు వేదిక ఎక్కి తీసుకుని, దిగి, నేరుగా బయటికి నడిచారు. నేను టీ అంగడి దగ్గర పట్టుకున్నాను. మెమెంటోను చంకలో పెట్టుకుని టీ ఊదుకుంటున్నారు.

“ఆ పాప భిన్నాలు బాగా చేస్తాండె” అన్నారు. కాసేపటికి, “నేను పది నిమిషాల్లో ఇల్లు చేరతా ఈపొద్దు. మీటింగు మా ఊర్లోనే కదా. రైలు లేదు” అన్నారు. ఇద్దరి టీకీ నేనే డబ్బులిచ్చాను. జోకు ఒక్కటీ తోచలేదు.

ఆ మరుసటి వారం సెలవు పెట్టి పల్లెకు వెళ్ళాను. ముందు పిల్ల ఇంటికి. అవ్వ కూలికి పోయింది, తలుపుకు గొళ్ళెం. పక్కింటామె చెప్పింది, వాళ్ళమ్మ వచ్చి పిల్లను బెంగుళూరికి తీసుకుపోయిందని, ఇల్లు కట్టే చోట చిన్న తమ్ముణ్ణి చూసుకుంటున్నదని. యాడ అని అడిగితే, “బెంగుళూరే సామీ” అంది. అంతకంటే వివరంగా అడ్రసు లేదు.

తరువాత వంటపాకకు వెళ్ళాను. ఆమె ఒక్కతే రాళ్ళు ఏరుతోంది. కూర్చుని నేనూ చేట ఒకటి తీసుకున్నాను. ఆమె వద్దనలేదు.

“ఇంతకీ నీ కాయితంలో ఏముంటాదప్పా?” అంది. జేబులో ఖాళీ ఫారం ఉంది. పదిహేనూ చదివి వినిపించాను. ఒక్కొక్క దానికీ ‘ఊ’ కొట్టింది. అయిపోయాక, ఇంకా ఉందేమోనని ఎదురుచూసింది.

“అంతేనా?”

“అంతే.”

“పిల్ల బడికొచ్చిందా అని లేదే?”

ఫారం మళ్ళీ మొదటినుంచి చూశాను. లేదు.

“నేనే చెప్పాల్సింది ఆ పొద్దు” అన్నాను. “నువ్వు చేసింది మంచిపనే అని రాసింటే…”

“రాయలేదు గదా” అంది. తిట్టినట్టు లేదు. ఉప్పు తక్కువైందన్నట్టు అంది. రాయి ఒకటి ఏరి పారేసింది. “మొదటి రెండు దినాలు ఆ మెట్టు మింద కూకోని ఈ పక్కే చూస్తాండె. నేను చెయ్యి ఊపితే హెడ్మాస్టరు చూస్తాడేమో అని నేనూ ఊపలేదు. నువ్వు ఒకనివే కాదులే అబ్బోడా.”

లేచేటప్పుడు గూట్లోంచి పాలపొడి డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. గూడు ఖాళీ కావాలి, పసుపు పెట్టుకోవాలంది. బస్సులో గింజలు లెక్కపెట్టాను. రెండువందల నలభై ఒకటి. రెండువందల నలభై ఒక్క పీరియడ్లు ఒక పిల్ల ఎవరినీ కొట్టలేదు. నేను నింపిన ఫారాలన్నిటిలో ఇంత నమ్మదగిన అంకె ఇంకొకటి లేదు.

డబ్బాను ఇంట్లో నా పుస్తకాల పక్కన పెట్టాను. ఎప్పటికైనా ఆ పిల్లకు చేరుస్తానని ఏదో ఉంది మనసులో. తరువాతి వానాకాలం మూత తీస్తే లోపలంతా పిండి, గింజ గింజకూ బెజ్జం. అమ్మను పిలిచి చూపించాను.

చింతగింజలు పచ్చిగా డబ్బాలో పెట్టకూడదట. పురుగు పడుతుంది. రెండు రోజులు ఎండబెట్టి, బాణలిలో వేయించి, చల్లారాక పెట్టాలి.